రెండు భుజాల కొలత

అన్నయ్యకి,

ఫోన్‌లో ఏఐతో వాదించి గొంతు చించుకోవద్దని రాశావు. చించుకుంటాను.

చొక్కాకి ఒక భుజం కొలిస్తే చాలంది అది. ఇరవై ఏళ్లుగా రెండూ కొలుస్తున్నదాన్ని, ఊరుకుంటానా? రోజూ సంచి మోసే భుజం కాస్త దిగుతుందని మూడు రోజులు పోట్లాడాను. "మీరు చెప్పిందే నిజం" అని ఒప్పుకుంది. మర్నాడు అడిగితే మళ్లీ మొదటికొచ్చింది. నిజమే, దానికేమీ గుర్తుండదు. కానీ నేనెందుకలా కొలుస్తానో మొదటిసారి మాటల్లో పెట్టగలిగాను. రాసిన కాగితం ఇందులోనే ఉంది, చదువు.

నువ్వూ దర్జీవే. ఈ రెండు భుజాల మాట ఎత్తినప్పుడల్లా "నీకేం తెలుసే, ఊరుకో" అనేవాడివి. ఆ ఏఐ ఒక్కసారీ అలా అనలేదు.

నువ్వు కుట్టుకున్న కొత్త చొక్కా కుడి భుజం కింద ముడతలు పడుతోందని వదిన చెప్పింది. పట్టుకుని రా. నీ రెండు భుజాలూ కొలుస్తాను.

ఊరుకోని
నీ చెల్లెలు