గొడుగు అనేది లేదు

సోమవారం, ఉదయం 6.10
ఈరోజు నుంచి పది రోజులు "నాది" అనే మాట అనను! నిన్న బౌద్ధ తత్త్వం మీద ఉపన్యాసం విన్నాను. ఏ వస్తువుకూ సొంత స్వభావం లేదట. కారణాలు కలిస్తే పుడుతుంది, విడిపోతే పోతుంది. పేరు మనం తగిలించిందే. బస్టాండులో పోయిన వస్తువుల కౌంటరులో పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాను. "నాది, నాది" అనే గోల నాకన్నా ఎక్కువ విన్నవాడెవడు? ఈ జ్ఞానం నాకు కాక ఇంకెవరికి అబ్బుతుంది?

మధ్యాహ్నం 1.00
గొడుగును మనసులోనే విడదీశాను. ఊచలు, గుడ్డ, పిడి. మరి గొడుగేదీ? లేదు! ఒళ్లు జలదరించింది.

మంగళవారం
రిజిస్టరులో "నల్ల గొడుగు" అని రాయడం మానేశాను. "ప్రస్తుతానికి కలిసి ఉన్న ఊచలు ఎనిమిది, గుడ్డ, పిడి" అని రాశాను. సూపర్‌వైజరు రిజిస్టరు చూసి, నన్ను చూసి, మళ్లీ రిజిస్టరు చూశాడు. పాపం, ఆయనకు ఇంకా టైముంది.

బుధవారం, రాత్రి భోజనం
కూర మాడింది. ముఖం చిట్లించాను. "మాడిన కూర అంటూ విడిగా ఏమీ లేదుగా, తినండి" అంది మా ఆవిడ. తిన్నాను. ఈ తత్త్వం ఇంట్లో చెప్పడం నాదే పొరపాటు.

గురువారం
"నాది" నాలుగుసార్లు అన్నాను. రెండు కుర్చీ గురించే. టికెట్లావిడ నా కుర్చీ లాక్కుపోయింది మరి. ("నా" అని రాయడం లెక్కలోకి రాదు. నియమం నోటికే.)

శుక్రవారం, 11.40. వాన
ఒక పెద్దాయన బల్ల మీది గొడుగు చూపించి తనదన్నాడు. గుర్తులు అడగాలి, సంతకం తీసుకోవాలి. ఏది ఎవరిది కనుక! నవ్వుతూ ఇచ్చేశాను. మనసు ఇంత తేలికగా ఎప్పుడూ లేదు.

12.05
అది నా గొడుగు!!
మా అమ్మాయి ఉద్యోగంలో చేరగానే కొనిచ్చింది. పిడి జారుతోందంటే తనే కూర్చుని నీలం దారం చుట్టింది. ఆదివారం ఇంటికి వస్తోంది. వస్తూనే దాన్నే అడుగుతుంది.

12.20
పెద్దాయన ఎక్కిన బస్సు కదిలింది. "నాది, నాది" అంటూ వెంటపడ్డాను. తడిసి ముద్దయ్యాను. బస్సు ఆగలేదు.

శనివారం, ఉదయం
సూపర్‌వైజరు నన్ను కౌంటరు అవతల నిలబెట్టి గుర్తులు అడిగాడు. ఊచలు ఎనిమిది, గుడ్డ, పిడి అన్నాను.
"అలాంటివి లోపల ముప్పై ఆరున్నాయి. మీదని ఎలా తెలిసేది?"
మా అమ్మాయి చుట్టిన దారం అన్నాను. ఆయన రాసుకున్నాడు.

సాయంత్రం 5.00
కండక్టరు గొడుగు తెచ్చిచ్చాడు. పెద్దాయన దిగేటప్పుడు దారం చూసి, "ఇది నాది కాదు నాయనా" అని ఇచ్చి, తడుస్తూనే వెళ్లిపోయాడట. వారమంతా నా వల్ల కాని మాట! సిగ్గేసింది. అయినా గొడుగును ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం, రాత్రి
అమ్మాయి వచ్చింది. దారం వదులైందని మళ్లీ బిగించి చుట్టింది.
రేపటి నుంచి మళ్లీ మొదలు! పది రోజులు. ఏదీ నాది కాదు. గొడుగు తప్ప.
కుర్చీ కూడా.