కారిన్ పెళ్ళి బీరు

డులూత్,
ఏప్రిల్ 2004

ప్రియమైన క్లెమ్,

ఫోన్ చేస్తే నీ చెవికి సగమే ఎక్కుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే రాస్తున్నాను.

క్రిస్మస్ కార్డులో మా అమ్మాయి కారిన్ ఒక ముక్క రాసింది. 'డెరెకూ నేనూ పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం' అని. తేదీ లేదు, రమ్మనీ లేదు. అయినా ఆ కార్డు ఇంకా నా ఫ్రిజ్ మీదే ఉంది.

అది పుట్టిన వారం మనిద్దరం నీ గరాజ్‌లో కాచిన ఏళ్ళ తరబడి నిలవుండే గాటు బీరు గుర్తుంది కదా. ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదని సర్కారు ఒప్పుకున్న ఏడాది అది. దాని పెళ్ళి రోజున తప్ప మూత తీయకూడదని మైనం పోసి నీ బేస్‌మెంట్‌లో పెట్టాం. ఆ సీసాలు జాగ్రత్తరా.

ఇంకో మాట. నేను తాగడం మానేశాను. నవ్వకు. కిందటి శీతాకాలం నుంచి చుక్క ముట్టలేదు. సాయంత్రమైతే చేతులు ఊరుకోవు కాబట్టి రొట్టెలు కాలుస్తున్నాను, ఈకలతో చేపలకు ఎరలు కడుతున్నాను. రొట్టె బాగానే వస్తోంది. ఎరల్ని చూసి చేపలు నవ్వుకుని వెళ్ళిపోతున్నాయి.

కారిన్‌కి నీ అంతట నువ్వు చెప్పకు. మానేశానని కాగితం మీద ఎన్నిసార్లు రాశానో దానికే తెలుసు. అలా రాసి రాసి, దాని గ్రాడ్యుయేషన్ విందులో కేకు మీద పడ్డాను. వాళ్ళమ్మ నన్ను వదిలిందే అందుకు. ఈసారి పెళ్ళికి పిలిస్తే, గ్లాసెత్తి, తాగకుండా దాని కళ్ళ ముందే కింద పెడతాను. పిలుస్తుందో లేదో అన్నదే నా దిగులు. తనంతట తాను అడిగితే మాత్రం దాచకు, చెప్పు. లేకపోతే నీ కడుపులోనే ఉంచుకో.

నీ
ఆర్వీ

స్టీవెన్స్ పాయింట్,
మే 2004

ప్రియమైన ఆర్వీ,

నీ ఉత్తరం చదివి కాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాను. మంచి పని చేశావు. నాతో తాగేవాడు ఒకడు తగ్గాడు, అంతే.

గరాజ్ గోడ మీద బీరులో చేదుకు వేసే హాప్స్ తీగ అప్పుడే చూరు అందుకుంది. ఈ వారం గోధుమ బీరు కాచాను. అరటిపండు వాసన వస్తోంది. పక్కింటి లోయిస్ ఒక గుక్క తాగి, "ఇది బీరా, పిల్లల దగ్గు మందా?" అంది. మా ఆవిడ డోరిస్ పోయాక ఈ ఇంట్లో నాతో వాదించేది లోయిస్ ఒక్కతే.

కారిన్ మాడిసన్ నుంచి అప్పుడప్పుడూ వస్తోంది. పోయినసారి తీగకు తాళ్ళు కట్టించింది. పెళ్ళి సంగతి పెద్దగా ఏమీ అనలేదు. నీ మాట నా దగ్గర భద్రం. సీసాలూ భద్రం.

నీ
క్లెమ్

డులూత్,
జూలై 2004

ప్రియమైన క్లెమ్,

పెళ్ళికని చొక్కా కొన్నాను. పిలవకముందే కొన్నానని తిట్టకు. మెడ దగ్గర కాస్త బిగుతు, అంతా రొట్టె చలవ.

వచ్చే నెల బస్సెక్కి నీ దగ్గరికి వస్తాను. సీసాలు తుడిచి కొత్త మైనం పోద్దాం. తేదీ ఏమైనా తెలిసిందా? ఆ మాట ఎత్తితే చాలు నువ్వు నీళ్ళు నములుతున్నావు.

రొట్టెతో వస్తున్న
ఆర్వీ

స్టీవెన్స్ పాయింట్,
ఆగస్టు 2004

ప్రియమైన ఆర్వీ,

ఇప్పుడు రాకు. ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. జూలై ఎండలకు సీసాలు పేలిపోయాయి. ఒకటి పేలితే పక్కది, అలా అన్నీ పోయాయి. గాజు ఏరి పారేసి నేల కడిగాను.

బీరే కదరా, పోనీ. నువ్వెలాగూ తాగవు.

నీ
క్లెమ్

డులూత్,
ఆగస్టు 2004

క్లెమ్,

నా చెవిలో పువ్వులు పెట్టకు.

సీసా పేలాలంటే లోపల చక్కెర మిగలాలి, దాన్ని తిని గ్యాసు పుట్టించడానికి ఈస్టు బతికి ఉండాలి. కారిన్ అంత వయసున్న బీరులో ఆ రెండూ ఎక్కడివి? ఈ పాఠం నాకు చెప్పింది నువ్వే. మనం కాచిన మొదటి బీరు పేలినప్పుడు గాజు ఊడుస్తూ చెప్పావు. గోడ కూలిందన్నా, దొంగలు పడ్డారన్నా నమ్మేవాణ్ణి. బీరు కాచేవాడు ఇంకో బీరు కాచేవాడితో ఆడాల్సిన అబద్ధమా ఇది?

తాగేశావా? డోరిస్ పోయిన దిగులులో తాగేశానంటే కూడా క్షమిస్తాను. దిగులంటే ఏమిటో నాకు తెలియదా. కానీ నా కూతురికి నేను ఇవ్వగలిగింది అదొక్కటే. అదేమైందో నిజం రాయి.

ఆర్వీ

స్టీవెన్స్ పాయింట్,
సెప్టెంబరు 2004

ప్రియమైన ఆర్వీ,

సీసాలు పేలలేదు. జూన్‌లో మా పెరట్లో తెరిచాం. కారిన్ పెళ్ళి అయిపోయిందిరా.

నిన్ను పిలవొద్దంది. "ఆ రోజు మళ్ళీ కేకు మీద పడితే నేను తట్టుకోలేను బాబాయ్" అంది. తీరిగ్గా తనే నీకు రాస్తానంది, అందాకా నోరు విప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. నువ్వొక మాట తీసుకున్నావు, అదొక మాట తీసుకుంది, మధ్యలో నేను నలిగిపోయాను. నువ్వు మానేసిన సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు. నువ్వన్నట్టే చేశాను.

ఇంకొకటుంది. వేరేవాళ్ళు చెప్పకముందు నేనే చెప్పాలి. తండ్రి స్థానంలో చెయ్యి పట్టుకుని పెళ్ళికొడుకు దాకా నడిపించమని నన్ను అడిగింది. వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంది, నేను నడిపించాను. డోరిస్‌కీ నాకూ పిల్లల్లేరని నీకు తెలుసు. ఆ నాలుగడుగులూ నాకెంత గొప్పగా ఉన్నాయో రాయడానికి మొహం చెల్లడం లేదు.

బీరు బాగా కుదిరింది. నీ పేరు తలుచుకునే మూత తీశాను.

క్షమించమని అడుగుతూ,
క్లెమ్

డులూత్,
సెప్టెంబరు 2004

క్లెమెన్స్‌కు,

నీ ఉత్తరం చదివి మద్యం దుకాణం తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చి పిండి పిసికాను. రొట్టె పొయ్యిలో పెట్టి కారిన్‌కి ఫోన్ చేశాను.

"నీకెలా తెలిసింది నాన్నా?" అని ఏడ్చింది. నేను నిష్ఠూరమాడలేదు. మానేశానని మాత్రం చెప్పాను. అప్పుడు అది బయటపెట్టింది.

"పెళ్ళికి ముందు బాబాయ్‌ని అడిగాను. నాన్న ఇంకా తాగుతున్నాడా అని. మానేశాడంటే అప్పుడే నీకు ఫోన్ చేద్దామని ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను."

"ఏమన్నాడు?"

"నాకు తెలీదమ్మా, ఈ మధ్య ఉత్తరాల్లేవు అన్నాడు."

అది అడిగింది, క్లెమ్. అడిగితే దాచకు అని నేను రాసిన కాగితం నీ ఇంట్లోనే ఎక్కడో ఉంది. అది నన్ను పిలవకపోవడం నేను చేజేతులా చేసుకున్నది, దానికి బాధపడతాను కానీ తప్పుపట్టను. నువ్వు మధ్యలో నలిగిపోలేదు. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే దాని చెయ్యి నేను పట్టుకునేవాణ్ణి, నువ్వు కుర్చీలో కూర్చుని చూసేవాడివి. అందుకే చెప్పలేదు. తాగిన మైకంలో నేను చాలామందికి చాలా చేశాను. నువ్వు ఇది తెలివిలో ఉండి చేశావు.

ఫోన్ పెట్టేసే ముందు అది అడిగింది. "నువ్వు మానేశావని బాబాయ్‌కి నిజంగానే తెలీదా నాన్నా?"

ఫోటోలు పంపిస్తానంది. వాటిలో నీ చెయ్యి పట్టుకుని బాగా నవ్వుతోందట. దాని గ్రాడ్యుయేషన్ రోజును నేను పాడుచేశాను. పెళ్ళి రోజును కూడా పాడుచేయడానికి నాకు నోరు రాలేదు.

"తెలీదమ్మా. నేను ఎవరికీ చెప్పలేదు" అన్నాను.

నమ్మింది. నువ్వూ దాని ముందు అదే మాట మీద ఉండు. నాకు మాత్రం ఇక రాయకు.

కారిన్ తండ్రి,
ఆర్విడ్