పాట ఆపే కాలు

ఓలీనక్కా,

ఈ పాటల పండుగ మైదానంలో గుడారాలేసుకున్న సమస్త జనులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఇకమీదట నా కాఫీలో ఉప్పు కలిపే హక్కు ఎవరికీ లేదు. ఆ హక్కు కార్బెట్‌ది. వాడు పోయాడు కనక రద్దయింది.

ఇది పొద్దున అందరి ముందూ గట్టిగా చదివాను. ఒక్కడూ నవ్వలేదు.

నువ్వు ఆసుపత్రికి చేరేలోపే నీ తమ్ముడు పోయాడు. "పోతున్నానని వాడికి తెలిసిందా?" అని అడిగావు. చెప్తాను. మా దగ్గర గుంపుగా వాయించేటప్పుడు, పాట ఎవరు మొదలెడితే వాళ్లే చివర్లో కాలు పైకెత్తాలి. అది చూసి అందరం ఒక్కసారే ఆపేస్తాం. కార్బెట్ ఓ పట్టాన ఎత్తేవాడు కాదు.

"ఎత్తరా గాడిదా, వేళ్లు ఊడిపోతున్నాయి!" అని అరిచేవాణ్ణి.

"బాంజో వాయించేవాడివి, బుర్ర లేకుండా బతుకుతున్నావుగా, వేళ్లు పోతే ఏం?" అనేవాడు.

ఆ రోజు మంచం పక్కన కూర్చుని, చప్పుడు రాకుండా బాంజోలో తువ్వాలు కుక్కి, వాడి పాటే వాయించాను. చివర్లో దుప్పటి కింద కాలెత్తాడక్కా. తెలిసే వెళ్లాడు.

ఇక్కడ ఆ పాట జోలికి ఎవరూ పోవడం లేదు. మొదలెడితే ఆపేవాడేడీ? వచ్చే ఏడు నేను రాను.

మడిచిన కాగితం మళ్లీ విప్పాను. కాలెత్తాడన్నది పూర్తిగా నా కల్పన. దుప్పటి కదల్లేదు. ఆ కాలు వైపే చూస్తూ వాయిస్తూనే ఉన్నాను, నర్సమ్మ వచ్చి నా తీగల మీద చెయ్యి పెట్టేదాకా.