ఆకాశం నుంచి తీసిన హద్దు

ఉడుమలైపేట,
9 నవంబరు 2024

చల్లని నా తల్లి అభిరామికి,

నాయన అప్పసామి నిండు మనసుతో దీవించి రాసేది. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. ఐప్పసి నెల వాన వదలకుండా పడుతోంది. తల ఆరకుండా కాలేజీకి పోవద్దు, అమ్మ ఎప్పుడూ చెప్పే మాటే. ఫోనులో చెప్పకుండా తెలుగులో రాస్తున్నానంటే కారణముంది. ఆ కోయంబత్తూరు హాస్టల్లో ఈ అక్షరాలు చదవగలిగేది నువ్వొక్కతివే.

దీపావళికి వచ్చి నువ్వు మన తోపులో వదిలిన రాకెట్టు గురించి ఊరంతా ఇంకా చెప్పుకుంటోంది. అట్ట గొట్టానికి అగ్గిపెట్టెంత కెమెరా కట్టి పైకి పంపితే, అదేదో పటాసనుకుని నవ్వినవాళ్లే తర్వాత వీడియో చూసి నోళ్లు తెరిచారు. పారాచూట్ విచ్చుకుని అది పక్కనున్న రామాయి ఇంటి కప్పుమీద పడితే, ఆమె కూతురు తేన్మొళి ఎక్కి తీసి పరుగున నీకు తెచ్చిచ్చింది కదా.

నువ్వు వెళ్లాక ఆ వీడియో చాలాసార్లు చూశాను. రాకెట్టు పైకెక్కి, కిందికి దిగబోయే ముందు ఒక్క క్షణం నిలుస్తుందే, అక్కడ ఆపాను. మన తోపు మొత్తం కనబడింది. పడమటి హద్దుకు మీ తాత నాటిన కొబ్బరి వరస నీకు తెలుసు. సగం చెట్లు చచ్చిపోయి, హద్దు ఎటు పోతుందో ఇన్నాళ్లూ ఎవరూ తేల్చలేదు. వీడియోలో మిగిలిన చెట్లను కలిపి గీత సాగదీస్తే అది రామాయి ఇంటికి అవతలగా పోతోంది. అంటే ఇల్లు మన నేలలో ఉన్నట్టే! కాయల లారీ తిరగడానికి ఆ చోటు ఇవ్వమని ఆమెను ఎన్నిసార్లు అడిగానో.

వార్డు మెంబరు మారిముత్తుకు చూపించాను. ఇద్దరం వెళ్లి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాం. మొగుడు పోయిన మనిషి, మన తోపులో కాయలు ఏరి బతికే మనిషి, ఎదురు చెప్పదనుకున్నాను. "నేలమీద నిలబడి చూడు సామీ, చెట్లు నేరుగానే ఉండాయి. ఆకాశంలోనించి చూసి నా ఇల్లు నీదంటే ఎట్ల?" అన్నది. మనుషులు అబద్ధమాడతారు గానీ మిషను ఆడదు అన్నాను.

బుధవారం వానలోనే జేసీబీ తెప్పించాను. తేన్మొళి మిల్లు పనికి పోయి ఉంది. రామాయి గుమ్మం పట్టుకుని కూర్చుంది. మారిముత్తు లాగితే చేతి తోలు లేచింది గానీ పట్టు వదల్లేదు. "పొరుంగ సామీ, అభిరామి పాప వచ్చేదాకా ఆగండి. ఆ పాప చెప్పనీ, నేనే లేచి పోతా" అని ఏడ్చింది. చివరికి లేచిందిలే. బియ్యం డబ్బా, మొగుడి ఫోటో తీసుకోనిచ్చాను. తక్కినదంతా మట్టిలో కలిసిపోయింది. ఇప్పుడు తల్లీకూతుళ్లు బస్టాపు రేకుల కింద ఉంటున్నారట. అమ్మ ఆ రోజునుంచి నాతో మాట్లాడటం లేదు. ఆడమనసు, అదే సర్దుకుంటుంది.

లారీ ఇప్పుడు సుళువుగా తిరుగుతోంది. అంతా నీ చదువు చలవే. నాలుగు చోట్ల నీ పేరు చెప్పుకుని గర్వపడుతున్నాను.

నీ మేలు కోరే
నాయన అప్పసామి

మరచిన మాట: కొత్త కంచె వేయించడానికి నిన్న సర్వేయరును పిలిచాను. కొలిస్తే వరస నేరుగానే ఉంది. రామాయి ఇల్లు మొత్తం ఆమె పట్టా నేలలోనే ఉండేది. అలాంటి చిన్న కెమెరాల్లో అంచు దగ్గర గీతలు విల్లులా వంగి కనబడతాయట. సర్వేయరు మనవాడే, బయట చెప్పడు. ఇంకొకటి. ఆ రోజు ఆమె గుమ్మం వదిలింది మారిముత్తు బలానికి కాదు. "ఇప్పుడే పోనులో అడిగితిని, ఇల్లు మనదేనని అభిరామే చెప్పె" అన్నాను. నమ్మింది. పాప చెప్పిందంటే సరే సామీ అని తానే పక్కకు జరిగింది. ఆ మాట నిజమేనా అని అడగడానికి తేన్మొళి పదిహేడో తేదీ ఆదివారం నీ దగ్గరికి వస్తుందట. "అవును, నేనే అన్నాను" అని చెప్పు. నీ దగ్గరున్న వీడియో మాత్రం ఈలోపే చెరిపెయ్యి.