పిన్ను సరిపడని రోటవేటరు

వ్యవసాయ యంత్రాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యంత్రాల అద్దె కేంద్రం వారి దుక్కి రోటవేటరు మా వైపు ట్రాక్టర్లకు సరిపడనందున, మరొకరు దానిని తగిలించకముందే వెనక్కి తెప్పించవలసినదిగా కోరుట గురించి.

ఆ రోటవేటరును ఈ సీజనులో మొదట తీసుకుపోయిన ట్రాక్టరు డ్రైవరు భార్యను నేను. కౌలుకు తీసుకున్న పొలం చెక్కలో ఇద్దరమూ సాగు చేసుకుంటున్నాము. నిజానికి ఈ అర్జీ పెట్టవలసినది నా భర్త. ఆయనకు బదులు నేను పెట్టడానికి కారణం నాలుగవ అంశంలో మనవి చేసుకున్నాను.

1. పొలంలో వాన పదును ఆరిపోతున్న రోజులవి. నా భర్త, మరిది కలిసి మా పాత ట్రాక్టరుతో కేంద్రానికి వెళ్లి, దానికి సరిపడే రోటవేటరు అడిగినారు. అది బయటికి పోయిందనీ, ఉన్నది చిన్న ట్రాక్టర్ల కోసం చేసినదనీ స్టోరుకీపరు చెప్పినాడు. దాని పిన్నులు సన్నం. మా ట్రాక్టరు వెనుక యంత్రాన్ని తగిలించే లింకుల రంధ్రాలు పెద్దవి. పిన్ను దూర్చి చూస్తే లొటలొటలాడింది. ఆ సందులో తొడగవలసిన ఇనుప బుష్షులు ఇమ్మంటే, అవి యంత్రంతోపాటు రానేలేదన్నాడు.

"ఓ పైపు ముక్క కోసి తొడుక్కోండయ్యా. అందరూ అదే చేస్తున్నారు. వద్దంటే వద్దని చెప్పండి, వెనకాల ఇంకొకాయన కాచుక్కూచున్నాడు" అని కూడా అన్నాడు.

పదును పోతే విత్తనం వేయలేము. అంత అవసరంలో ఉన్న మనిషి వద్దని ఎలా అంటాడో తమరే ఆలోచించగలరు. పైపు ముక్కలు కేంద్రం ఆవరణలోనే కోసి, అక్కడే తొడిగి పంపినారు.

2. యంత్రాన్ని లేపినప్పుడల్లా ఒక పక్కకు వాలేది. మధ్యాహ్నానికి దాని కత్తులకు గడ్డివేర్లు చుట్టుకుపోయినవి. నా భర్త ఇంజను ఆపించి, యంత్రాన్ని పైకి లేపే ఉంచి, మరిదిని సీటు మీద ఉండమని, తాను వెనుక కూర్చుని వేర్లు లాగుతున్నాడు. నేను గట్టు మీద విత్తనాలకు మందు పట్టిస్తున్నాను.

"ఇంకొంచెమేరా, దిగకు" అనడం విన్నాను. అంతలో పైపు ముక్క చీలింది. పిన్ను లింకులోంచి ఊడి వచ్చింది. యంత్రం ఆ పక్కకు కూలి ఆయన కుడిచేతి మీద పడింది.

మరిది గునపంతో ఎత్తబోతే దుక్కిమట్టిలో గునపమే దిగబడిపోయింది. నేను గట్టు రాళ్లు పీకి తెచ్చి గునపం కింద పెట్టినాను. నా భర్త అరవలేదయ్యా. "ముందు వాణ్ణి అవతలికి జరగమనవే, రెండో పక్క కూడా ఊడేట్టుంది" అన్నాడు. ఇప్పుడు ఇంట్లో ఏ గిన్నె కిందపడినా నాకు ఆ మాటే వినబడుతుంది.

ఆసుపత్రిలో చేతిని మణికట్టు దాకా తీసివేసినారు.

3. తమ కార్యాలయం నుండి విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు పొలం దాకా రాలేదు. కేంద్రం గదిలోనే కూర్చుని 'వాడుకదారుని అజాగ్రత్త' అని రాసుకుని వెళ్లినారు. తరువాత కేంద్రం వారు యంత్రాన్ని నీళ్లు కొట్టి కడిగి, కత్తులకు ఎర్రరంగు వేసినారు. వేరే రంగే దొరకలేదా అని అర్జీలో అడగవచ్చునో కూడదో నాకు తెలియదు. బుష్షులు మాత్రం నేటి వరకు రాలేదు.

4. ఈ సంగతులతో నా భర్త ఇదివరకే ఒక అర్జీ పెట్టుకొనినాడు. దానిని తమ గుమాస్తా గారు తిప్పి ఇచ్చినారు. కనుక్కుందామని నేను వెళ్లినాను.

"ఇది ఆయన సంతకం కాదమ్మా. మా దగ్గరున్న దానితో సరిపోవట్లేదు" అన్నారు.

"ఎడమ చేత్తో పెట్టాడు సార్."

"అట్లా కుదరదు. మామూలుగా పెట్టే చేత్తోనే పెట్టించుకురా."

ఆయన తల ఎత్తలేదు. నేను కాగితం తీసుకుని బయటికి వచ్చినాను. మెట్ల మీద చాలాసేపు కూర్చుని ఇంటికి వచ్చినాను. పిన్ను సరిపోకపోయినా యంత్రం ఇవ్వవచ్చును గాని, సంతకం సరిపోకపోతే కాగితం పుచ్చుకోకూడదని నాకు ఆ రోజే తెలిసినది. అందుకని ఈ అర్జీ కింద నా సంతకమే ఉన్నది.

5. అసలు మనవి ఇది. నిన్న మా పక్క పొలం ఆయన, బడి వ్యాను నడుపుకునేవాడు, మా ఇంటికి వచ్చినాడు. ఆయనదీ మా వంటి ట్రాక్టరే. గుమ్మంలో తచ్చాడి, చివరికి నోరు విప్పినాడు.

"అన్నా, ఏమీ అనుకోవద్దు. ఆ రోటవేటరు ఇప్పుడు నాకిచ్చారు. నువ్వు ఒకసారి తగిలించినవాడివి కదా... పైపు ముక్క ఎంత మందంది పెట్టాలి?"

నా భర్త ఆయన ముఖంలోకి చూసినాడు. "ఎంత మందం పెట్టినా వద్దురా. తిరిగి ఇచ్చేసెయ్" అన్నాడు.

"ఇచ్చేస్తే దేంతో దున్నను? చల్లగా చెప్తావేంటన్నా. నీకైతే ఆ రోజు టైం బాగాలేదు."

ఆయన వెళ్లిన తరువాత నా భర్త గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు.

మా నష్టానికి ఏమి ఇప్పిస్తారని నేను ఈ కాగితంలో అడగడం లేదు. సరిపడే పిన్నులూ బుష్షులూ వచ్చేవరకు ఆ యంత్రాన్ని కేంద్రంలో పెట్టి తాళం వేయించండి. పక్క పొలం ఆయనకు సరిపడేది వేరొకటి వెంటనే ఇప్పించండి. ఆయనకు పదును పోకూడదు, చెయ్యీ పోకూడదు. ఇంతమాత్రం చిత్తగించి ఉత్తరువు దయచేయవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయురాలు,
డ్రైవరు భార్య
(చేవ్రాలు)

తా.క. ఈ కాగితం కవరులో పెడుతుండగా వాన పడింది సార్. తెల్లారేసరికి పక్క పొలం ఆయన ఆ మిషను తగిలించేశాడు. చప్పుడు వినగానే మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. నేను వెళ్లేసరికి రోటవేటరు మీదెక్కి కూచుని ఉన్నాడు.

"దిగన్నా, పదును పోతోంది" అని ఆయన మొత్తుకుంటున్నాడు.

"పోనీరా. పదును మళ్లీ వస్తుంది" అన్నాడు మా ఆయన.

ఆయన లాగబోయాడు. మా ఆయన దిగలేదు. ఎండెక్కేదాకా అట్లాగే కూచున్నాడు. ఆఖరికి పక్క పొలం ఆయనే పిన్నులు పీకి, పైపు ముక్కలు మా కాళ్ల దగ్గర విసిరికొట్టి, ఉత్త ట్రాక్టరు తోలుకుపోయాడు. సాయంత్రం ఆయన భార్య మా గుమ్మం ముందు నిలబడి, మీ చెయ్యి పోయిందని మా పంట కూడా పోవాలా అని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆమె ఏడుస్తూనే తిట్టింది.

ఆమె వెళ్లాక మా ఆయన తనే పళ్లెం తెచ్చుకుని అన్నం పెట్టమన్నాడు. ఎడమ చేత్తో కింద పోసుకుంటూనే, మళ్లీ పెట్టించుకుని తిన్నాడు. చెయ్యి పోయాక ఆయన అట్లా తినడం ఇదే మొదలు.

మిషను ఆ పొలం గట్టునే ఉంది. తొందరగా మనిషిని పంపండి సార్.