దేవుడు ఆయనతోనే మాట్లాడతాడు

జనవరి 5, ఆదివారం

ఇవాళ్టి నుంచి మా ఇంట్లో కొత్త పద్ధతి. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. దేవుడు చెప్పేది వినాలి. తర్వాత ఎవరేం విన్నారో చెప్పాలి. పాస్టర్ గారు సంఘమంతటికీ చెప్పారు. మా ఆయన సంఘ పెద్ద కాబట్టి అందరికంటే ముందు మా ఇంట్లోనే స్టార్ట్.

ఇక్కడ మా ఆయన్ని పేరు పెట్టే రాస్తాను, ఎవరు చూడొచ్చారు. సొలొమోనుతో దేవుడు మొదటిరోజే మాట్లాడాడు. మా అమ్మాయి జెస్సికా ఎనిమిదింటికల్లా ఫోన్ హాల్లో పెట్టేయాలట. ఈ మాట సొలొమోను డిసెంబర్ నుంచీ అంటున్నదే.

నాకేమీ వినపడలేదన్నాను. జెస్సికా కూడా అంతే. అత్తయ్య స్తోత్రం అన్నారు. ఆవిడ దేనికైనా స్తోత్రమే అంటారు.

జనవరి 8

పొద్దున పూట గీజర్ పది నిమిషాలే వేయాలని దేవుడు చెప్పాడు. నిన్న కరెంటు బిల్లు వచ్చింది.

జనవరి 19, ఆదివారం

జెస్సికా కాలేజీ వాళ్ళు అరకు టూర్ వెళ్తున్నారు. దేవుడు వద్దన్నాడు. పిల్ల ముసుగు తన్ని పడుకుంది, అన్నానికి లేవలేదు. వద్దన్నది దేవుడా మీరా అని సొలొమోనుని అడిగాను. నా విశ్వాసం చల్లారిపోతోందట. మీరే వద్దంటే మీతో దెబ్బలాడొచ్చు, దేవుడంటే ఎవరితో దెబ్బలాడను అన్నాను. అందుకే దేవుడు నీతో మాట్లాడడు అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

జనవరి 26, ఆదివారం

మధ్యాహ్నం అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మెల్లగా మాట కదిపారు. ఆవిడ పుట్టిల్లు ఉయ్యూరు, కథోలిక కుటుంబం. పెళ్ళయ్యాక మామయ్యగారి సంఘంలో కలిశారు. సొలొమోను తొమ్మిది నెలల పిల్లాడప్పుడు గుండెల నిండా కఫం పట్టి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడట డాక్టరు. బిడ్డ దక్కితే వాడి నిలువెత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని గుణదల మాతకి మొక్కుకున్నారు. బిడ్డ దక్కాడు. మామయ్యగారు గుణదల పోనివ్వలేదు, మన సంఘంలో అది తప్పన్నారు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

ఈ ఫిబ్రవరి తిరునాళ్ళకైనా తీసుకెళ్తావా అమ్మాయ్, నా మోకాళ్ళు ఈ యేడు ఉన్నట్టు వచ్చే యేడు ఉండవు అన్నారు. మొక్కు సంగతి వాడితో అనకు, నొచ్చుకుంటాడు అని చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఇప్పుడు ఆరడుగుల మనిషి, ఎంత కొవ్వొత్తి కొనాలో అని నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

అత్తయ్య నోరు తెరిచి అడిగారు. ఒక్కసారి గుణదల వెళ్ళొస్తాను నాన్నా అని, అంతే. ప్రార్థనలో పెడదామన్నాడు సొలొమోను. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని, తెరిచి, దేవుడు వద్దంటున్నాడమ్మా అన్నాడు. సంఘ పెద్ద తల్లి అక్కడ కనబడితే సాక్ష్యం, అంటే సంఘంలో మంచిపేరు, పోతుందట. అత్తయ్య స్తోత్రం అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మొక్కుతోనే బతికాడని ఆవిడ నమ్మకం. ఆ బతికిన నోటితోనే వద్దంటాడు. మాటిచ్చాను కాబట్టి ఏమీ అనలేకపోయాను. స్టవ్ మీద గిన్నె ఎత్తి కుదేసినట్టు పెట్టాను.

ఫిబ్రవరి 6

దేవుడు ఎప్పుడు చూసినా సొలొమోనుకి ఇష్టమైనవే ఎందుకు చెబుతాడు? ఒక్కసారైనా గిన్నెలు తోమమని చెప్పొచ్చుగా.

ఫిబ్రవరి 9, ఆదివారం

తిరునాళ్ళు మొదలు. మందిరం నుంచి వస్తుంటే ఏలూరు రోడ్డులో మా ఆటో జనంలో ఇరుక్కుపోయింది. చంటిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని పోతున్నారు. అత్తయ్య గుణదల కొండ మీది సిలువ వైపు ఒక్కసారి చూసి, గబుక్కున తల దించుకున్నారు, దొంగతనం చేసినదానిలా. డెబ్భై దాటిన మనిషి! ఏడుపొచ్చింది నాకు, కోపంతో.

సాయంత్రం ఆ ఐదు నిమిషాలూ దేవుడితోనే పోట్లాడాను. పెళ్ళికి ముందు నుంచీ పిలుస్తున్నాను, ఒక్కసారి పలకవు. ఆయనతో గీజర్ సంగతులు కూడా మాట్లాడతావు. ఇదేం న్యాయం? పక్కన అత్తయ్య మోకాలు సర్దుకుంటూ మూలిగారు. అది మాత్రం బాగా వినిపించింది.

ఏం విన్నావని అడిగాడు సొలొమోను. మంగళవారం లీవ్ పెట్టమని విన్నానన్నాను. ఎందుకని అడగలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వెళ్ళొచ్చాం.

గవర్నర్‌పేటలో నేను పనిచేసే మందుల హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. సొలొమోను ఆఫీసుకి వెళ్ళగానే ఆటో ఎక్కాం. అత్తయ్య నా భుజం పట్టుకుని, ఆగుతూ ఆగుతూ, మాత గుహ దాకా నడిచారు. ఇంకా పైకి ఎక్కడం ఆవిడ వల్ల కాలేదు. కొవ్వొత్తులమ్మే అతను మొక్కున్న మనిషి ఎంత ఎత్తండీ అని అడిగాడు. అత్తయ్య రెండు చేతులూ ఎడంగా చాపి, ఇంత అన్నారు.

వెలిగించి ప్రార్థన చేశారు. ఆవిడకి చెవుడు కదా, మెల్లగా అంటున్నాననుకుని గట్టిగానే అన్నారు. తల్లీ, వాణ్ణి బతికించావు, అది చాలు. ఇక నీ కొడుకుతో ఓ మాట చెప్పు, మా వాడితో కొన్నాళ్ళు మాట్లాడొద్దని. ఇంట్లోవాళ్ళ మాట వాడి చెవిన పడటం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మా సంఘంలో జాన్‌బాబు గారు బస్సులోంచి మమ్మల్ని చూశారట. సొలొమోను ఇంటికొస్తూనే అరుపులు. ఎవర్నడిగి వెళ్ళారు, దేవుడు వద్దన్నాక వెళ్ళడం తిరుగుబాటు కాదా అని. కడిగేద్దామని నోరు తెరిచాను. అత్తయ్య నా చెయ్యి పట్టి ఆపారు. మొక్కు సంగతి మొదటి నుంచి చివరిదాకా ఆవిడే చెప్పారు. చెప్పి, మళ్ళీ రెండు చేతులూ చాపి, నువ్వప్పుడు ఇంతే ఉండేవాడివి నాన్నా అన్నారు.

సొలొమోను ఆ చేతుల మధ్య ఖాళీ వైపు చూస్తూ నిలబడిపోయాడు. అన్నం తినలేదు. ప్రార్థన కూడా పెట్టలేదు.

నా కోపం తగ్గలేదు. పాపం అనమని నాకెవరూ చెప్పొద్దు.

ఫిబ్రవరి 13

ఐదు నిమిషాలు అయ్యాయి. సొలొమోను కళ్ళు తెరిచి, ఇవాళ నాకేమీ వినపడలేదు అన్నాడు.

స్తోత్రం అన్నారు అత్తయ్య. అంత గట్టిగా ఆవిడ అనగా నేనెప్పుడూ వినలేదు.