మాటల్లేని ఇంటికి చేసిన ఫోను

కడప

ప్రియమైన అక్కకు, ప్రభువు నామంలో తమ్ముడు దేవదానం వందనాలు చెప్పి రాసుకునేది. నువ్వు, బావ, రూతు అందరూ బాగున్నారని తలుస్తాను. రూతుకు జ్వరం పూర్తిగా తగ్గిందా? నేనిక్కడ బాగున్నానని రాయడం మన అలవాటు గానీ, ఈసారి బాగాలేనక్కా. బతికే ఉన్నాను, బతుకుతాను, దాని గురించి మాత్రం బెంగ పెట్టుకోవద్దు. పక్కటెముక ఒకటి విరిగింది, ముందరి పళ్ళు ఊడాయి, ఎడమ కన్ను ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. చూపు పోలేదని డాక్టరమ్మ చెప్పింది.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటంటావా? ఫోను పోలీసుల దగ్గర ఉంది. ఉన్నా చేసేవాణ్ణి కాదు. ఫోనులో అయితే "ఏం కాలేదులే అక్కా" అని నవ్వేస్తాను, నువ్వు నమ్మేస్తావు. కాగితం మీద నాకు ఆ విద్య రాదు.

ఆత్మకూరులో బస్సెక్కి ఈ ఊరొచ్చిన కొత్తలో అంతా బాగానే ఉండేది. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, మధ్యాహ్నం గదిలో గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పొద్దున కారం దోసె తింటాను. ఇంటావిడ బీబమ్మ శుక్రవారమైతే గిన్నెలో ఏదో ఒకటి పెట్టి పంపుతుంది, మంచి మనిషి. నువ్వు చేసే జొన్నరొట్టె రుచి మాత్రం ఎక్కడా లేదు. పొద్దున రేడియోలో జిల్లా మొత్తంతో వాగేవాడికి సాయంత్రం మాట్లాడటానికి ఒక్క మనిషి ఉండడు, చూడు తమాషా.

నా ప్రోగ్రాం నీకు తెలిసిందే కదా, "బావా, బెదిరితివా!" ఎవరైనా తమ బావ నంబరు పంపి, ఆ బావకు ఒళ్ళు మండే సంగతి ఒకటి చెప్తే, నేను గొంతు మార్చి ఫోను చేసి బెదిరించాలి. ఆయన గజగజ వణికాక, "నేను ఆర్జే దేవ్‌నప్పా, మీ బామ్మర్దే చేయించినాడు" అని చెప్పాలి. ఊరంతా నవ్వాలి. బావామరుదుల సరసం మనకేమన్నా కొత్తా? గుడిలో ఆరాధన అయ్యాక అయ్యగారు కూడా "మన పిల్లోడు" అని మెచ్చుకున్నారని నువ్వే చెప్పావు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఒంటిమిట్ట పక్క ఊరినుంచి ఒకడు తన బావ గంగన్న నంబరు పంపాడు. గంగన్నకూ, దాయాది ఓబయ్యకూ చీనీ తోటల మధ్య బోరు తగాదా ఉందన్నాడు. "ఓబయ్య మాదిరి బెదిరిచ్చు సార్, మా బావకు చెమటలు పట్టాల" అన్నాడు. రెండిళ్ళకూ ఏళ్ళుగా మాటల్లేవని కూడా వాడే చెప్పాడు. నేను విన్నాను. మన వైపు మాటల్లేని ఇళ్ళంటే ఎట్లా ఉంటాయో నాకు ఒకరు చెప్పాలా? ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు, ఒకరింట్లో ఒకరు నీళ్ళు ముట్టరు, చావుకు కూడా పోరు. అట్లాంటి ఇంటినుంచి ఫోను వచ్చిందంటే నరుకుతామని చెప్పడానికే వస్తుంది. ఇది తెలిసిన నా నోట్లో మన్ను పడ, నేను నవ్వి నంబరు నొక్కాను.

గొంతు బొంగురు చేసి, "రేయ్ గంగా, నా బోరు పక్కన బోరేస్తావా? తెల్లారేసరికి నీ కుడిచెయ్యి ఉండదు. వస్తాండా, కాసుకో" అన్నాను. మామూలుగా ఆ మాటకు జనం తిడతారు, లేదంటే బతిమాలతారు. గంగన్న ఒక్క మాట లేకుండా పెట్టేశాడు. నేనెవరో చెప్పడానికి మళ్ళీ చేస్తే స్విచాఫ్. "భయపడి సచ్చినాడు, రేపు చూసుకుందాంలే" అన్నాడు మేనేజరు. ఇద్దరం నవ్వుకుంటూ టీ తాగడానికి పోయాం.

గంగన్న భయపడలేదక్కా, నమ్మాడు. "ఏం ఓబయ్యా, ఫోను చేసింది నువ్వేనా" అని పోయి అడగడానికి మాటలుంటే కదా! తెల్లారేదాకా ఆగితే తన చెయ్యి పోతుందనుకున్నాడు. పొద్దు గుంకకముందే వేటకొడవలి తీసుకుని ఓబయ్య తోటకు పోయాడు. ఓబయ్య వంగి డ్రిప్పు పైపు సరిచేసుకుంటున్నాడు. మొదటి వేటుకే మణికట్టు తెగి తోలు మీద వేలాడింది, రెండో వేటు భుజంలో దిగింది. పైపులో నీళ్ళు పోతూనే ఉన్నాయనీ, చీనీ చెట్టు పాదంతా ఎర్రగా నిండిందనీ ఓబయ్య భార్య నారాయణమ్మ తర్వాత నాతో చెప్పింది. గంగన్న ఆ కొడవలితోనే స్టేషనుకు పోయి, "వాడు నా చెయ్యి నరుకుతానన్న్యాడు, నేనే ముందు నరికినా" అని చెప్పి బెంచీ మీద కూర్చున్నాడట.

మర్నాడు పొద్దున స్టూడియోలో ఈ వార్త చూసి మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. మేనేజరు మాత్రం తొణకలేదు. "మన ప్రోగ్రాం ఇంకా ప్రసారం కాలేదు కదా, కానిదానికి మనకేం సంబంధం? ఆ రికార్డింగు తీసేసి నోరు మూసుకో" అని నన్ను మైకు ముందు కూర్చోబెట్టి తలుపేశాడు. చదువుకున్నవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి, ఎంత తేలిగ్గా అన్నాడో చూడు! నేను "శుభోదయం కడపా" అన్నాను. ఆ మాట నాకే కంపు కొట్టింది. ఒక పాట వేసి, ఆ రికార్డింగు నా ఫోనులోకి ఎక్కించుకుని, లేచి బయటికొచ్చేశాను.

నేరుగా పెద్దాసుపత్రికి పోయాను. గేటు దగ్గర జీపు చుట్టూ ఓబయ్య తమ్ముడు శివయ్య, వాళ్ళ మనుషులు ఉన్నారు. "గంగడు లోపలుంటే యేమి, వాళ్ళన్న రామన్న బయటే ఉండాడు కదా. ఈపొద్దే తీసేద్దాం" అంటున్నాడు శివయ్య. దాచుకుని కూడా అనడం లేదు. నేను పోయి, ఫోను చేసింది ఓబయ్య కాదు, నేనే, రేడియో కోసం చేశాను అని చెప్పాను.

"ఎవుర్రా నువ్వు? రామన్నోళ్ళు దుడ్లిచ్చి పంపినారా?" అని కాలరు పట్టుకున్నాడు శివయ్య. ఈ బక్క మొహానికి ఆ గొంతు ఉంటుందని వాళ్ళు నమ్మలేదు. సరే అని ఆ గొంతు తీశాను. అవే మాటలు, మొదటినుంచీ. చివరి మాట అయ్యేసరికి శివయ్య నా కాలరు వదిలాడు. ఆ తర్వాత జాకీ రాడ్డు పక్కటెముకల మీద పడింది. కింద పడ్డాక మొహం మీద తన్నారు. పళ్ళు నాలుక కిందికి పోయాయి, ఉమ్మేశాను. నారాయణమ్మ వార్డులోంచి వచ్చి నిలబడి చూసింది. కొంతసేపు ఆపలేదు కూడా. ఆమెను తప్పుపట్టను. తర్వాత, "సచ్చిపోతే ఎట్లరా? ఆయప్ప ముందర ఎవురు చెప్పాల?" అంది. అప్పుడు వదిలారు.

నన్ను ఈడ్చుకుపోయి ఓబయ్య మంచం దగ్గర నిలబెట్టారు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంది, దాని మీద తెల్ల కట్టు. "యాదీ, ఆ గొంతు చెయ్యి" అన్నాడు. నోట్లో రక్తం కారుతుండగా చేశాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇది నా గొంతు మాదిరే లేదు కదప్పా" అన్నాడు. "గంగడు నా గొంతు మర్సిపోయినాడు. ఎన్నేండ్లాయనో మాట్లాడక. నాకూ వాని గొంతు యాదికి ల్యా" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడక్కా, అది రాడ్డు దెబ్బకంటే గట్టిగా తగిలింది. "నీ ప్రోగ్రాం దినామూ వింటాంటి. ఫోను చెట్టుకు తగిలిచ్చుకోని శానా నగుతాంటి."

రామన్న జోలికి ఎవరూ పోవద్దని ఆయన తమ్ముడితో అక్కడే ఒట్టు వేయించుకున్నాడు. శివయ్య ఒట్టు వేశాడు గానీ పళ్ళు కొరుకుతూనే వేశాడు. నేను పోలీసులకు అంతా చెప్పి, ఫోను వాళ్ళ చేతికిచ్చాను, అది రేడియోవాడి పని అన్న సంగతి రామన్న దాకా పోయింది. మేనేజరేమో నేను అంతకుముందే మానేశానని రాసిచ్చాడట. నా మీద కేసు పెడతారు. పెట్టనీ, పెట్టాల్సిందే. రోజూ ఓబయ్య దగ్గరికి పోయి కూర్చుంటున్నాను, మొదట్లో తరిమేవాళ్ళు, ఇప్పుడు తరమడం లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. రామన్న ప్రాణభయంతో ఊరు వదిలి, తన మనుషులతో కొండ కింది తోటలో కొడవళ్ళు పెట్టుకుని కాపు కాస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం ఓబయ్య అతని నంబరు తెప్పించాడు. నారాయణమ్మ ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకుంది, అందరికీ వినబడేటట్టు పెట్టింది. ఏళ్ళ తర్వాత ఆ ఇంటినుంచి ఆ ఇంటికి నిజంగా పోయిన మొదటి మాట అది.

"రామన్నా, నేను ఓబయ్యను. ఇంటికి రాప్పా. మావోళ్ళు ఎవురూ నిన్ను ముట్టరు."

"యా ఓబయ్యవిరా నువ్వు? రేడియో నాకొడకా, మళ్ళా మొదులుపెట్టినావా? ఈసారి నీ నాలిక కోసి కుక్కలకేస్తా" అని రామన్న పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

శివయ్య కుర్చీ తన్ని లేచాడు. "ఇన్న్యావా అన్నా? నువ్వు మంచికి పిలిస్తే నాలిక కోస్తాడంట! ఇంగ నా ఒట్టు లేదు, గిట్టు లేదు" అన్నాడు. ఓబయ్య అతని వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "నా మాట నాకే లేకుండా చేసినావు కదప్పా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అందుకని రేపు పొద్దున నారాయణమ్మా నేనూ ఆ తోటకు పోతున్నాం. పోలీసు జీపుతో పోతే రామన్న వాళ్ళు కొండెక్కి ఇంకా బెదిరిపోతారు. మేం తిరిగొచ్చేదాకా ఆగుతానని శివయ్య చెప్పాడు, అంతకుమించి ఆగడట. రామన్నకు నా మొహం చూపించి, గంగన్నకు చేసిన ఫోను నాది, నిన్నటి ఫోను నిజంగా ఓబయ్యది అని చెప్పాలి. అతను ఏం పట్టుకుని ఎదురొస్తాడో నాకు తెలుసు. భయంగా ఉందక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నువ్వు బయలుదేరి రావద్దు, బావను కూడా పంపవద్దు. అయ్యగారికి నా వందనాలు చెప్పి, ఆదివారం ప్రార్థనలో ఓబయ్య పేరు, గంగన్న పేరు, రామన్న పేరు పెట్టమని అడుగు. నా పేరు చివర్న పెడితే చాలు. సంఘంలో పెద్దలందరికీ వందనాలు. రూతు నా మాదిరి గొంతు మార్చి పక్కింటి వాళ్ళను బెదిరించి నవ్విస్తోందన్నావు కదా, కొట్టకుండా మెల్లగా చెప్పి మాన్పించు. వీలైతే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు జొన్నరొట్టెలు పంపు, నారాయణమ్మ తిండి సరిగా తినడం లేదు.

ఇది రాస్తుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. మొహం చూశాక కూడా రామన్న నమ్మకపోతే ఏం చేద్దామని అడిగాను.

"నమ్మేదాకా ఆడ్నే కూచుందాంలే" అంది.

నీ దీవెన కోరే తమ్ముడు
దేవదానం